లేదు అని రాసిన గడి

నా మనవరాలు పుట్టిన పదోరోజున మా అబ్బాయి గోడకి ఒక తెల్ల పెట్టె బిగించాడు. అరచెయ్యంత ఉంటుంది. ఉయ్యాల్లో పాప ఏడిస్తే అది విని, హాల్లోనూ వంటింట్లోనూ పెట్టిన దీపాల్ని టపటపా వెలిగించి ఆర్పుతుంది. పడుకుని ఉంటే దిండు కింద ఒక బిళ్ళ గజగజ వణుకుతుంది. అబ్బాయి ఆ పెట్టె ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. దీపాలు వెలిగాయి. కోడలు పకపకా నవ్వింది.

"పిల్ల ఏడుపు వినడానికి పెట్టె ఎందుకు? నేను లేనూ?" అన్నాను.

గోడకి చెప్పుకున్నట్టే. అబ్బాయికీ కోడలికీ ఇద్దరికీ పుట్టుకతోనే వినబడదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఒక ఊరి గొంతుని ఇంకో ఊరి గొంతుతో కలిపినదాన్ని. అవతలి మనిషి "హలో" అంటే చాలు, ఆ మనిషి భోంచేశాడో లేదో చెప్పేసేదాన్ని. అలాంటి నా కడుపున వినబడని పిల్లాడు పుట్టాడు. ఉన్న ఒక్కడూ వాడే. వాడి నాన్న వాడికి నాలుగో ఏడు రాకుండానే పోయాడు.

అబ్బాయి కాలిపోయిన మోటార్లకి రాగి తీగ చుడతాడు. చుట్టడం అయ్యాక కరెంటు ఇచ్చి, పైన అరచెయ్యి ఆనించి, బేరింగు బాగుందో పోయిందో చెప్పేస్తాడు. చెవులున్న మెకానిక్కులే వాడి దగ్గరికి మోటార్లు మోసుకొస్తారు. కోడలు కళ్ళద్దాల దుకాణంలో, వెనక గదిలో, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోదు. అద్దాల సంగతే కాదు, ఏ సంగతిలోనూ ఒప్పుకునే రకం కాదు.

మూడు నెలలు సాయం చేసిపోతానని వచ్చాను. మనసులో ఉన్నది వేరు. పిల్లకి చక్కగా వినబడుతోందని ఆసుపత్రిలోనే చెప్పారు. మాటలొచ్చేదాకా నా దగ్గర పెట్టుకుంటాను, తర్వాత తెచ్చి ఇచ్చేస్తాను అనుకున్నాను. మాటే లేని ఇంట్లో పిల్లకి మాటలెక్కణ్ణుంచి వస్తాయి?

కోడలితో నాకు మాటలన్నీ ఫోను మీదుగానే. నేను మాట్లాడితే అది అక్షరాలు చేసి చూపిస్తుంది. తను టైపు చేస్తే వార్తలు చదివే ఆవిడ గొంతుతో పైకి చదువుతుంది. ఒకరోజు నేను "పాలు కాచావా?" అంటే అది "పాలు దాచావా?" అని రాసింది. కోడలి మొహం జేవురించింది. "మా ఇంట్లో పాలు నేనెందుకు దాచుకుంటాను అత్తయ్యా?" అని వార్తలావిడ గంభీరంగా అడిగింది. నాకు సగం అర్థమై సగం కాక, "కాచకపోతే మరి విరిగిపోవూ?" అన్నాను. ఆ గొడవ తేలడానికి పావుగంట పట్టింది.

అలా నవ్వుకున్న ఇంట్లోనే ఒక మధ్యాహ్నం నేను చెయ్యరాని పని చేశాను.

అబ్బాయి పనికి వెళ్ళాడు. కోడలు వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. పాప నిద్రపోతోంది. నేను లేచి ఆ పెట్టె స్విచ్చు కట్టేశాను. నేను లేకపోతే ఏమవుతుందో ఒక్కసారి చూపించాలని, అంతే. కాసేపటికి పాప లేచి ఏడుపు మొదలెట్టింది. నేను కుర్చీలోంచి కదల్లేదు. ఏడుపు పెద్దదైంది. వంటింట్లో కత్తి చప్పుడు ఆగలేదు. పిల్ల మొహం ఎర్రగా అయిపోయి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ గుక్కపట్టేసరికి ఇక నా వల్ల కాలేదు. ఎత్తుకుని వంటింట్లోకి పరిగెత్తాను.

"చూశావా? ఇదీ మీ సంసారం!" అన్నాను.

కోడలు పిల్ల మొహం చూసింది. పైన దీపం చూసింది. చేతులు తుడుచుకుని, నన్ను దాటి హాల్లోకి వెళ్ళి, స్విచ్చు చూసింది. తిరిగి వచ్చి పిల్లని నా చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకుంది. ఒక్క చేత్తోనే టైపు చేసింది. వార్తలావిడ తొణక్కుండా చదివింది:

"ఆ స్విచ్చు మీద చెయ్యి వెయ్యడమంటే నా బిడ్డ నోరు నొక్కడమే. ఇంకోసారి చేస్తే మీరు ఈ ఇంట్లో ఉండరు."

"నేను దాని నానమ్మని!"

"నేను దాని అమ్మని."

మర్నాడే సంచీ సర్దుకుని నా ఇంటికి వచ్చేశాను. తప్పు చేశానని లోపల తెలుస్తూనే ఉంది. అయినా ఒళ్ళు మండిపోయింది. ఇంకా మండిన సంగతేమిటంటే, తను ఆ విషయం మా అబ్బాయికి చెప్పలేదు. చెప్పి ఉంటే వాడితో దెబ్బలాడి, నా తప్పుని ఆ దెబ్బలాటలో కలిపేసుకునేదాన్ని.

పాపకి ఎనిమిదో నెలలో అబ్బాయి ఫోనులో కనబడి, పిల్లని ముందు కూర్చోబెట్టాడు. పిల్ల వాళ్ళమ్మ వైపు చూసి పిడికిలి మూసి తెరిచింది, మూసి తెరిచింది. కోడలు పాలసీసా అందించింది. ఎనిమిది నెలల పిల్ల పాలు అడిగింది! అడిగి తెచ్చుకుంది! నాకు సంబరపడాలనే ఉంది. "అత్త" అనో "తాత" అనో నోటితో అనలేదే అని ఏడుపొచ్చింది.

పిల్ల ఎక్కడా కుదురుగా ఉండేది కాదు. సోఫా మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి వాళ్ళ నాన్న వీపు మీదికి. అందుకే నేను దాన్ని ఉడత అనేదాన్ని, చివరికి బళ్ళో కూడా అదే పేరు నిలిచింది. నాలుగో ఏట బళ్ళో వేశారు. చూడ్డానికి నేను వెళ్ళినప్పుడల్లా నాతో నోటితో, వాళ్ళమ్మానాన్నలతో చేతులతో మాట్లాడేది. నా ఒళ్ళో కూర్చుని నాకు చెప్తూనే వాళ్ళకి చేతులతో వేరే సంగతి చెప్పేది.

బళ్ళో చేరిన మూడో నెలలో నాకు ఫోనొచ్చింది. బడి పెద్ద మేడమ్.

"అమ్మా, మీరొకసారి రావాలి. పాప నాన్నమ్మగారు మీరేగా? వినబడేవాళ్ళు ఒక్కరైనా ఉంటేగాని మాట్లాడలేను."

వెళ్ళాను. అబ్బాయీ కోడలూ నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. మేడమ్ పక్కన కొత్తగా చేరిన క్లాసు టీచరు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బల్ల మీద ఉడత పేరున్న ఫైలు. కోడలు తన ఫోను తీసి, అందరికీ మొక్కినంత మర్యాదగా బల్ల మీద పెట్టి, తనకి కనబడేలా తిప్పుకుంది. మేడమ్ దాన్ని పట్టించుకోలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుని మాట్లాడింది.

"వాళ్ళిద్దరూ మంచివాళ్ళే, పాపం. కానీ పిల్లని పిలిస్తే పలకదు. అడిగితే జవాబు లేదు. మాట లేని ఇంట్లో పిల్ల ఎలా ఎదుగుతుంది, మీరే చెప్పండి. ఇంట్లో ఆ చేతులు తిప్పడం మానెయ్యమనండి. చెప్పేదేదో టైపు చేస్తే ఫోనే పిల్లకి పైకి చెప్తుంది కదా. అదీ కుదరకపోతే రెండేళ్ళు మీరు తీసుకెళ్ళండి. వాళ్ళకి ఇదంతా ఇప్పుడే చెప్పక్కర్లేదు, బాధపడతారు. మెల్లగా మీరే నచ్చజెప్పండి."

ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ ఫోను మీద అక్షరాలు పరిగెత్తుతూనే ఉన్నాయి. "మాట లేని ఇంట్లో" అన్నదాన్ని "పాట లేని ఇంట్లో" అని రాసింది. మిగతాదంతా అక్షరం పొల్లుపోలేదు. కోడలు ఒక్కో వరసా చదువుతోంది. అబ్బాయి కోడలి భుజం మీంచి వంగి చదువుతున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆవిడ అన్న ప్రతి మాటా నాలుగేళ్ళుగా నేను అనుకున్నదే.

కోడలు ఫోను ఎత్తి మేడమ్ వైపు తిప్పి, ఆవిడ అన్నదంతా ఆవిడకే చూపించింది. కోడలు ఫైలు తెరిచి ఒక కాగితం మీద వేలు పెట్టింది. బళ్ళో చేరేటప్పుడు నింపిన ఫారం. పిల్ల పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పని. ఆ కింద "ఇంట్లో మాట్లాడే భాష" అని ఒక గడి. అందులో ముందున్నదాన్ని కొట్టేసి, ఎవరో నీలం సిరాతో "లేదు" అని రాశారు.

కోడలు గబగబా టైపు చేసింది. వార్తలావిడ గొంతు ఆ గదిలో ఖంగుమంది.

"ఇది నేను రాయలేదు. నేను ఖాళీ వదల్లేదు, చేతుల భాష అని రాశాను. దాన్ని కొట్టేసి ఎవరు రాశారు ఇది? మా ఇంట్లో పొద్దున్న లేచినప్పటినుంచి పడుకునేదాకా మాటే. మేము పోట్లాడుకుంటాం, జోకులేసుకుంటాం, పిల్లకి కథలు చెప్తాం. ఈ ఫోను మీతో మాట్లాడడానికి తెచ్చుకున్నది. నా కూతురితో మాట్లాడడానికి నాకు చేతులున్నాయి."

మేడమ్ నా వైపు తిరిగింది. "చూశారా, ఆవేశపడుతున్నారు. మీరు పెద్దవారు. మీరైనా చెప్పండమ్మా."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటలు నేను అనుకుని అన్నవి కావు.

"నాకు చెప్పారు మేడమ్, ఇరవై ఆరేళ్ళ కిందట," అన్నాను. "సరిగ్గా ఇలాంటి గదిలోనే. మీవాడు చేతులు తిప్పుతున్నంతకాలం నోరు రాదు, చేతులు కట్టెయ్యండి అన్నారు. నేను కట్టేశాను. అన్నం దగ్గర కూర్చోబెట్టి, వాడి రెండు చేతులూ తువ్వాలుతో కుర్చీకి కట్టి, 'నీళ్ళు' అను, అంటేనే ఇస్తాను అన్నాను. రెండేళ్ళు చేశాను. తొమ్మిది మాటలు వచ్చాయి. ఆ తొమ్మిదీ నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు. వాడు పద్నాలుగో ఏట హాస్టల్లో చేరి స్నేహితుల దగ్గర చేతులతో మాట్లాడడం నేర్చుకుని వచ్చాడు. అప్పటికి వాడికి నాతో చెప్పాలని ఏమీ మిగల్లేదు. నేను పిల్లని తీసుకెళ్ళను. మీరు ఆ గడి సరిచెయ్యండి."

ఊపిరి తీసుకుని చూసేసరికి ఫోను ఇంకా బల్ల మీదే ఉంది. నేను అన్నదంతా దాని మీద ఉంది. అబ్బాయి చదువుతున్నాడు. తువ్వాలు, కుర్చీ, తొమ్మిది మాటలు. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాని సంగతి అది.

వాడు నా మొహం చూడలేదు. ఫోను తీసుకుని మెల్లగా టైపు చేసి, అది పైకి చదవకుండా గొంతు ఆపేసి, నా ముందు పెట్టాడు.

"నాకు గుర్తుంది. ఆకుపచ్చ గీతల తువ్వాలు."

దాని రంగు నాకే గుర్తులేదు.

మేడమ్ ఫారం సరిచెయ్యలేదు. "నిపుణులతో మాట్లాడాలి, పిల్ల పరిస్థితిలో మార్పు కనబడాలి" అని లేచింది. సరే, మార్పు సంగతి తనే చూస్తానంది కోడలు. దుకాణంలో పొద్దుటిపూట సెలవు పెట్టి, మర్నాడు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది. బయటికి వెళ్ళమన్నారు. "పిల్ల పలకడం లేదన్నారు, ఎందుకో చూడ్డానికి వచ్చాను. వెళ్ళిపొమ్మంటే ఆ మాట రాసి, సంతకం పెట్టి ఇవ్వండి" అని వార్తలావిడ చేత చెప్పించింది. ఎవరూ రాసివ్వలేదు. కూర్చుంది.

ఆరు రోజులు కూర్చుంది. బెంచీ మీద ఫోను, ఒళ్ళో నోటు పుస్తకం. టీచరు ఏమంటోందో ఫోను రాస్తుంది. అప్పుడు ఉడత ఏం చేస్తోందో, టీచరు ఎటు తిరిగి ఉందో తను రాసుకుంటుంది. ఆరో రోజు సాయంత్రం నన్ను పిలిచి పుస్తకం చూపించింది. గీతలు కొట్టి, అద్దాల కొలతలు రాసుకున్నంత శుభ్రంగా రాసింది. టీచరు ఉడతని నలభై మూడుసార్లు పిలిచింది. పన్నెండుసార్లు ఎదురుగా నిలబడి పిలిచింది. పన్నెండుసార్లూ పిల్ల టక్కున జవాబిచ్చింది. ముప్పై ఒక్కసారి బోర్డు మీద రాస్తూనో, వెనకనుంచి నడుస్తూనో పిలిచింది. ఇరవై ఆరుసార్లు పిల్ల తల తిప్పలేదు.

"మా ఇంట్లో ఎవరూ వెనకనుంచి పిలవరు అత్తయ్యా," అని ఫోను చదివింది. "భుజం తడతాం, లేకపోతే కాలితో నేల మీద తడతాం. పిలిచినవాళ్ళ మొహం కనబడితేనే తనని పిలిచినట్టు. ఇరవైమంది పిల్లల గోలలో ఎక్కణ్ణుంచో ఒక గొంతు వస్తే అది తనకోసమని దానికి ఎలా తెలుస్తుంది?"

"నేను పిలిస్తే పలుకుతుందిగా?"

"మీరు ఎప్పుడూ మొహం చూసే పిలుస్తారు. మీకు తెలీదా?"

తెలీదు. నా కొడుకుని పిలిచి పిలిచి అలవాటైపోయిందేమో, ఆలోచించలేదు.

మర్నాడు మళ్ళీ అదే గది. మేడమ్ పుస్తకం తిరగేసింది. లెక్క చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది. ఆపైన అలవాటుగా నా వైపు తిరిగి, "అయితే ఇప్పుడేం చెయ్యమంటారు?" అంది.

"నన్నెందుకు అడుగుతారు? పుస్తకం రాసింది తను. తనని అడగండి. మొహం చూసి అడగండి," అన్నాను.

ఆవిడ కుర్చీ తిప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది. తిప్పుకుంది. కోడలు అడగవలసినవి ముందే టైపు చేసి పెట్టుకుంది. పిల్లని పిలిచేటప్పుడు ఎదురుగా వచ్చి పిలవాలి, లేదా భుజం తట్టాలి. పిల్ల గురించి చెప్పేదేదైనా అమ్మానాన్నలకే చెప్పాలి, ఫోను ముందు పెట్టుకుని. పిల్ల చేత అమ్మానాన్నలకి కబుర్లు మోయించకూడదు; నాలుగేళ్ళ పిల్ల నెత్తిన పెద్దవాళ్ళ మాటలు పెట్టకూడదు. ఆఖరిది ఆ గడి.

"మా ఫారాల్లో చేతుల భాష అని ఎప్పుడూ రాయలేదు," అంది మేడమ్.

కోడలు తన పెన్ను మూత తీసి ఆవిడ ముందు పెట్టింది. చేతులు కట్టుకుని కూర్చుంది. అబ్బాయి కూడా అలాగే కూర్చున్నాడు. వెళ్ళే ఉద్దేశం ఎవరికీ లేదని మేడమ్‌కి అర్థమైంది. క్లాసు టీచరే, పాపం చిన్నపిల్ల, "రాసేద్దాం మేడమ్, నిజమేగా" అంది. మేడమ్ "లేదు" మీద ఒక గీత కొట్టి, పైన చిన్న అక్షరాలతో "చేతుల భాష, తెలుగు" అని రాసింది. క్షమించమని అడగలేదు. అడుగుతుందని మేమూ అనుకోలేదు.

రెండు వారాలయ్యేసరికి క్లాసు టీచరు నుంచి కోడలికి సందేశం వచ్చింది: మీ అమ్మాయి అస్సలు నోరు ముయ్యడం లేదు, పక్కపిల్లల్ని రాయనివ్వడం లేదు, ఇంట్లో కాస్త చెప్పండి అని. కోడలు దాన్ని ప్రింటు తీయించి వంటింటి తలుపుకి అంటించింది.

నేనిప్పుడు వారానికి రెండు రోజులు చేతుల భాష క్లాసుకి వెళ్తున్నాను. అరవై రెండేళ్ళ వేళ్ళు, చెప్పినట్టు వినవు. మొదటి నెలలో ఒకసారి కోడలికి "నీకు కోపం వచ్చిందా?" అని అడగబోయి "నీకు కోతి వచ్చిందా?" అని అడిగాను. తను కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి, "ఇంకా రాలేదు" అంది. ఆ పెట్టె స్విచ్చు సంగతి కూడా చేతులతోనే చెప్పాను, అబ్బాయి ఎదురుగానే. తప్పు అని చెప్పే గుర్తు నాకు సరిగా రాలేదు. కోడలే నా వేళ్ళు పట్టుకుని సరిచేసి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. అప్పటినుంచి అబ్బాయి నాకు ఫోను మీద ఏమీ రాయడం లేదు. అర్థమయ్యేదాకా చేతులతోనే చెప్తాడు, విసుక్కుంటూ. ఎనిమిదేళ్ళ పెళ్ళి, పన్నెండేళ్ళ పని, హాస్టలు రోజులు, అన్నీ ముక్కలు ముక్కలుగా ఇప్పుడు తెలుస్తున్నాయి.

చేతుల భాషలో ఒక్కొక్కళ్ళకీ ఒక గుర్తు పేరుంటుంది. ఉడతకి బుగ్గ మీద సొట్ట పడుతుంది కాబట్టి, బుగ్గన వేలు పెట్టి తిప్పుతారు. నా పేరు ముక్కు కొస మీద చూపుడువేలు. నా ముక్కు పొడుగు కాబట్టి పెట్టారనుకుని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. మొన్న పార్కులో ఉడతే అసలు సంగతి చెప్పేసింది.

"ముక్కు పొడుగని కాదు నానమ్మా. నీకు కోపం అక్కడ ఉంటుందంట. అమ్మ పెట్టింది."

నేను కోడలి వైపు తిరిగాను. అప్పటికే మా చేతులు చూస్తూ ఇద్దరు ముగ్గురు ఆగారు. ఒకాయనైతే పిల్లని చూపించి, "పాపం, దీనిక్కూడానా?" అని పక్కాయనతో అన్నాడు, వినబడేలాగే. ఒకప్పుడైతే తల దించుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా నడిచిపోయేదాన్ని.

"దీనికి రెండు భాషలొచ్చు. మీకెన్నొచ్చు?" అన్నాను ఆయనతో, మొహం చూసే. తర్వాత బెంచీ మీంచి లేచి, అందరికీ బాగా కనబడేలా చేతులు పైకెత్తి, నాకా పేరు ఎందుకు పెట్టావో చెప్పమని కోడలితో పోట్లాటకి దిగాను. తను ఒక్క అంగుళం తగ్గలేదు.